నాలుగో బోల్టు

"మీ మావయ్యకి చెప్పు, ఆ జిగ్ ఒకసారి సరిచూసుకోమని" అన్నాడు మా ఆయన, టీ కప్పులోకి చూస్తూ.

మామగారు అదే బల్లకి అవతలి చివర కూర్చున్నారు. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆయనా నావైపే తిరిగి, "వాడికి చెప్పమ్మా, జిగ్ వాడు పుట్టకముందు నుంచీ సరిగ్గానే ఉంది. చూసుకోవాల్సింది కంప్యూటర్నని" అన్నారు.

నేను ఇద్దరికీ చెప్పాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అప్పుడే విన్న మాటని రెండోసారి వింటూ ఇద్దరూ ఎంతో శ్రద్ధగా తలలూపారు.

సోమవారం నుంచీ ఇదే వరస. ఇవాళ గురువారం. పెళ్ళయి నాలుగు నెలలైంది. ఈ ఇంట్లో నాకు దొరికిన ఉద్యోగం డ్రాయింగులు గీయడం అనుకున్నాను గానీ, దాంతోపాటు ఇది కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పోస్ట్‌మాన్‌కైనా ఆదివారం సెలవుంటుంది.

గొడవంతా నాలుగో బోల్టు గురించి.

మేముండేది మేడ మీద. కింద వర్క్‌షాపు. అక్కడ ఒక పాత పంపు ఇంజిన్ సోమవారం నుంచీ చైన్ పుల్లీకి వేలాడుతోంది, కింద రెండు దుంగల ఆసరాతో. దాన్ని చట్రం మీద కూర్చోబెట్టే నాలుగు బ్రాకెట్లూ నేను కంప్యూటర్లో గీసినవి. కొలతకి అట్టముక్క కత్తిరించకుండా, సుద్దతో గీత పెట్టకుండా మా వర్క్‌షాపులో తయారైన మొట్టమొదటి బ్రాకెట్లు. ఒక్కోదానికి నాలుగు రంధ్రాలు. మూడింటిలో బోల్టులు వెన్నలోకి వేలు దిగినట్టు దిగాయి. నాలుగోది దిగనంది. ఇంజిన్‌కి ఉన్న రంధ్రం ఒకచోట, బ్రాకెట్‌కి ఉన్నది మూడు మిల్లీమీటర్లు కిందికి. నాలుగు బ్రాకెట్లకీ అంతే.

ఆ నాలుగో రంధ్రం పెద్ద ప్లేటులో ఉండదు. ప్లేటు పక్కన చిన్న చెవిలాంటి ముక్క ఉంటుంది, అందులో ఉంటుంది. ఆ చెవిని, ఏ కొలత ఇస్తే ఆ కొలత దగ్గర కదలకుండా పట్టుకుని వెల్డింగ్ చేయించే ఇనప చట్రమే జిగ్. జిగ్ చేసింది మామగారు. కాబట్టి తప్పు జిగ్‌దే అని మా ఆయన. చెవి ఎక్కడ అతకాలో చెప్పింది డ్రాయింగ్. కాబట్టి తప్పు డ్రాయింగ్‌దే అని మామగారు. డ్రాయింగ్ గీసింది నేను. నన్ను మాత్రం ఇద్దరూ ఒక్క మాటా అనరు. నా మీద నుంచి ఒకరినొకరు అనుకుంటారు.

మధ్యలో మా వెల్డర్, టీ తాగేటప్పుడు కూడా నల్ల కళ్ళద్దాలు తీయడు కాబట్టి అందరూ కళ్ళద్దాలు అనే పిలుస్తారు, ఆ రంధ్రాన్ని ఆకురాయితో కాస్త కోలగా రాసేస్తే పోలేదా అన్నాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో "వద్దు" అన్నారు. కోల రంధ్రంలో బోల్టు నిలవదు, ఇంజిన్ అదురుకి వారంలో వదులైపోతుంది. ఆ విషయంలో ఇద్దరికీ ఒకే మాట. కానీ ఒకే మాట అన్నందుకు ఇద్దరూ ఎంత సిగ్గుపడిపోయారంటే, మళ్ళీ రెండు గంటల దాకా నాతో కూడా మాట్లాడలేదు. కళ్ళద్దాల మీద నమ్మకం లేక మామగారు ఆ సాయంత్రమే నాలుగు బ్రాకెట్లనీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

రేపు పదకొండింటికి పంపుల కంపెనీ ఆవిడ వస్తుంది. ఇలాంటి పాత ఇంజిన్లే ఆవిడ దగ్గర ఇంకా పదకొండున్నాయి. ఇది సరిగ్గా కూర్చుంటేనే మిగతావి మా దగ్గరికొస్తాయి. అది వర్క్‌షాపు సంగతి. నా సంగతి వేరే ఉంది. సోమవారం మామగారు తాళంచెవి జేబులో వేసుకుంటూ, ఎవరివైపూ చూడకుండా, శుక్రవారానికి ఇంజిన్ కూర్చోకపోతే పని మళ్ళీ అట్టముక్కల మీదే, కంప్యూటర్ మేడ మీదికి అన్నారు.

కంప్యూటర్ మేడ మీదికంటే నేనూ మేడ మీదికే.

మెట్ల కింద, కిటికీ పక్కన, నాకొక చిన్న బల్ల ఉంది. దాని ఒక కాలు కింద ఉన్న చెక్కముక్క మా ఆయన స్వయంగా నునుపు చేసి పెట్టింది. పొద్దున తొమ్మిదింటికి ఎండ సరిగ్గా కీబోర్డు మీద పడుతుంది. ఏ బ్రాకెట్ మూలనైనా గుండ్రం చేయాలంటే ఆ మూలని ముట్టుకుని ఒక అంకె కొడితే చాలు, గరుకు మూల సబ్బుబిళ్ళలా అయిపోతుంది. ఎడమ బ్రాకెట్ గీశాక కుడిది గీయక్కర్లేదు, అద్దం బటన్ నొక్కితే చాలు. ఇంత చిన్న విషయాలకి ఇంత సంతోషమేమిటని కాలేజీలో స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ. నా పేరున్న బల్ల నాకు ఈ ఒక్కచోటే ఉంది.

టీ అయ్యాక మెట్ల మలుపులో మా ఆయన్ని పట్టుకున్నాను. అందరి ముందు "మీరు" అంటాను. మెట్ల మలుపులో "నువ్వు".

"నువ్వు మీ నాన్నతో ఎప్పుడు మాట్లాడతావు?"

"మాట్లాడుతూనే ఉన్నాగా."

"అది నాతో."

"నువ్వు చక్కగా చెప్తావు, ఇంజనీరు గారూ. నేను చెప్తే ఆయనకి కోపం వస్తుంది."

కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. అదే నాకు ఒళ్ళు మండించే విషయం. తండ్రి మీద అలిగినప్పుడు ఇతని చెవులు ఎర్రబడతాయి, అది చూస్తే నేను అనాలనుకున్నవి సగం మర్చిపోతాను. మిగిలిన సగం అన్నాను. మనం కొలత ఎక్కడ తీసుకున్నామో మావయ్యకి చెప్పేద్దామన్నాను.

వద్దన్నాడు. రేపు కంపెనీ ఆవిడ ముందు చెప్తానన్నాడు. అప్పుడు నాన్న ముఖం చూడాలి అన్నాడు, చిన్నపిల్లాడిలా.

కొలత సంగతి మా ఇద్దరికే తెలుసు. నెల కిందట ఆర్డర్ మాట మొదలైనప్పుడు ఇంజిన్ ఇంకా రాలేదు. దాన్ని చేసిన ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళయిందో, డ్రాయింగులు ఎవరి దగ్గరా లేవు. మామగారి పాత అట్టముక్కని చెదలు తినేశాయి. ఇంజిన్ వచ్చాక కొలుచుకుందామని ఆయన అన్నారు. అంత దాకా ఆగడం మావల్ల కాలేదు. అప్పుడు మా ఆయనకి గుర్తొచ్చింది, వంటింటి తలుపు దగ్గరున్న బ్రాకెట్.

ఆ బ్రాకెట్ కథ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునే అత్తయ్య నాకు చెప్పారు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే ఇనప ముక్క అది. మామగారు తన చేతులతో చేసిన మొట్టమొదటి బ్రాకెట్, ఇదే రకం ఇంజిన్‌ది. వారానికోసారి అత్తయ్య దాన్ని నూనెగుడ్డతో తుడుస్తారు. ఇంటికెవరొచ్చినా చూపిస్తారు. "మీ మావయ్య చెయ్యి తప్పడం నేనెరగను" అని అప్పుడే అంటారు.

మామగారు ఊళ్ళో లేని ఒక మధ్యాహ్నం మేమిద్దరం దాన్ని బల్ల మీద పెట్టుకుని కొలిచాం. ఆ మధ్యాహ్నం నాకెంత బాగుందో చెప్పలేను. అతను కొలిచి అంకె చెప్తుంటే నేను కొట్టాను. తెర మీద నీలం గీతలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. చెవి మీదున్న నాలుగో రంధ్రం మిగతా వాటి వరసలో లేదని అప్పుడే చూశాను. కాస్త కిందికి దిగి ఉంది. చూసి ఏం చేశాను? ముచ్చటపడ్డాను. పక్కనుంచి నూనె గొట్టం వెళ్తుంది కాబోలు, దానికి దారి ఇవ్వడానికి మామగారు ఎంత తెలివిగా దించారో చూడు అని మా ఆయనకి వివరించి మరీ చెప్పాను. ఉన్నది ఉన్నట్టు గీశాను. బరువు ఎక్కడ ఎక్కువ పడుతుందో ఎర్రగా చూపించే పరీక్ష కూడా పెట్టాను. ఎక్కడా ఎరుపు రాలేదు. బ్రాకెట్ విరగదని కంప్యూటర్ చెప్పింది. బోల్టు పడుతుందో లేదో నేను అడగలేదు, అది చెప్పలేదు.

మెట్ల మలుపులో మా ఆయన వాదన ఇదే. మన డ్రాయింగ్ నాన్న చేతి పనికి నకలు. నాన్న చెయ్యి తప్పదు. కాబట్టి డ్రాయింగ్ తప్పదు. ఇక మిగిలింది జిగ్.

"జిగ్ కూడా మీ నాన్న చేతి పనే కదా" అన్నాను.

అతను, కిందినుంచి కళ్ళద్దాలు పిలిచినట్టుందని చెప్పి దిగిపోయాడు. ఎవరూ పిలవలేదు.

ఇక నావల్ల కాలేదు. నేరుగా మామగారి దగ్గరికి వెళ్ళి, బీరువాలోంచి ఒక బ్రాకెట్ కావాలని అడిగాను. ఆయన వెంటనే తాళం తీసి బ్రాకెట్ నా చేతికిచ్చారు.

"మూడు రోజుల్నుంచీ ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నానమ్మా" అన్నారు.

బ్రాకెట్‌ని బల్ల మీద పెట్టి, కొలిచే కాలిపర్ తీశాను. చల్లటి ఆ రెండు దవడలు ఇనుము మీద మెత్తగా ఆనుకోవడమంటే మామూలుగా నాకెంతో ఇష్టం. ఇవాళ ఆ ధ్యాస లేదు. ప్లేటు అంచు నుంచి చెవి రంధ్రం దాకా కొలిచాను. తెర మీదున్న అంకె చూశాను. మళ్ళీ కొలిచాను. రెండూ ఒక్కటే. వెంట్రుకవాసి తేడా లేదు.

జిగ్ తప్పు చేయలేదు. డ్రాయింగ్ ఏం చెప్పిందో అదే చేసింది.

మామగారు దూరంగా నిలబడి చూస్తున్నారు. "మీరన్నదే నిజం మావయ్యా" అనడానికి నోరు తెరిచాను. కానీ ఆ మాట అనేస్తే కంప్యూటర్ రేపటి దాకా ఆగక్కర్లేదు, ఇవాళే మెట్లెక్కొచ్చు. ఒక్క క్షణం అని చెప్పి, కాలిపర్ పట్టుకుని మేడ మీదికి పరుగెత్తాను.

అత్తయ్య డాబా మీద బట్టలు తీస్తున్నారు. వంటింటి తలుపు దగ్గర కూర్చుని ఆ పాత బ్రాకెట్‌ని ఒళ్ళోకి తీసుకున్నాను. అడ్డం పోగానే తలుపు దానంతటదే దగ్గరికొచ్చి నా భుజానికి తగిలింది. కొలిచాను. ఇక్కడా అదే అంకె. నేను కొలవడంలో తప్పు లేదు, గీయడంలో లేదు, జిగ్‌లో లేదు. మరి మూడు మిల్లీమీటర్లు ఎక్కణ్ణించి వచ్చాయి?

చెవి రంధ్రం అంచుని బొటనవేలితో తడిమాను. నునుపుగా ఉంది. మిగతా మూడూ తడిమాను. అవీ అంతే. అప్పుడు కిటికీ వెలుగులోకి తిప్పి చూశాను.

ఇంజిన్ మోసిన బ్రాకెట్ ఎలా ఉంటుందో ఈ నాలుగు నెలల్లో చాలా చూశాను. బోల్టు బిగించినచోట రంధ్రం చుట్టూ వాషర్ ముద్ర ఉంగరంలా పడుతుంది. ఎంత తుడిచినా పోదు. దీనికి ఒక్క రంధ్రం చుట్టూ కూడా ముద్ర లేదు. దీనికి ఏనాడూ బోల్టు పట్టలేదు. ఇది ఏ ఇంజిన్‌నీ మోయలేదు.

తలుపు కిర్రుమంది. మామగారు. నా ఒళ్ళో ఉన్నదాన్నీ, చేతిలో ఉన్న కాలిపర్‌నీ, రంధ్రం మీదున్న వేలినీ చూశారు. వంటింట్లోకి వచ్చి, తన వెనకే తలుపు మెల్లగా మూశారు.

"దీన్ని చూసి గీశారా?"

తలూపాను.

ఆయన ఎదురుగా కింద కూర్చున్నారు. మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడానికి కాసేపు పట్టింది. కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. ఎవరో చాలా ఏళ్ళ తర్వాత వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది.

అప్పుడు చెప్పారు, ముక్కలు ముక్కలుగా. ఇంకొకరి వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న రోజులట. ఒంటరిగా చేయమని ఇచ్చిన మొదటి పని ఇదట. చెవిని మూడు మిల్లీమీటర్లు కిందికి అతికారట. యజమాని చూసి, అందరి ముందు దీన్ని తుక్కు కుప్పలోకి విసిరేశాడట. ఇంకోసారి ఇలా చేయకుండా గుర్తుండాలని, సాయంత్రం వెళ్తూ వెళ్తూ తుక్కులోంచి ఏరుకుని చేతిలో పట్టుకుని ఇంటికొచ్చారట.

"పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. గుమ్మంలోనే మీ అత్తయ్య అడిగింది, ఇవాళ ఏం చేశారని. రోజూ అడిగేది. ఇది చేతిలో ఉంది."

అరచెయ్యి చాపి చూసుకున్నారు.

"చూపించాను. అదెంత సంబరపడిందంటే, ఇక చెప్పలేకపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి ఇది తలుపు దగ్గరికి చేరింది."

రోజూ సాయంత్రం నేనూ మా ఆయనకి తెర తిప్పి చూపిస్తాను, ఇవాళ ఏం చేశానో. బాగా రాని రోజు కూడా చూపిస్తాను. బాగుందంటాడు.

మామగారు కాలిపర్ నా చేతిలోంచి తీసుకుని, మూసి, తిరిగి ఇచ్చేశారు. చెవిని మూడు మిల్లీమీటర్లు పైకి జరిపితే చాలన్నారు. ఇప్పుడే మార్చి గీస్తే సాయంత్రానికి ప్లేటు కోయించి, పొద్దున్నే అతికించేయొచ్చు, పదకొండింటికి ఇంజిన్ కూర్చుంటుంది. అంత వరకూ బాగానే ఉంది. మరి కొలత ఎందుకు మారిందని మీ అబ్బాయి అడిగితే ఏం చెప్పాలి అన్నాను.

ఆయన నేలవైపు చూశారు.

"నువ్వు ఏం చెప్పినా నేను అడ్డురానమ్మా. నీ డ్రాయింగ్ తప్పని మాత్రం నా నోటితో అనను. అలాగని దీని సంగతి..." అని తలుపువైపు చూసి ఊరుకున్నారు.

నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, మా ఆయన మీదా కాదు. నిన్నటిదాకా జిగ్, డ్రాయింగ్, రెండే ఉన్నాయి, ఏదో ఒకటి తప్పు. ఇప్పుడు రెండూ ఒప్పే. ఒప్పని తేలాక కూడా ఎవరో ఒకరి తల వంగాలి. నా డ్రాయింగ్ తప్పంటే నా బల్ల పోతుంది. కాదంటే, ఇన్నేళ్ళుగా వారం వారం నూనెగుడ్డతో తుడిచిన ఆవిడకి ఎవరు చెప్తారు?

అంతలో మెట్ల మీద అడుగులు. పైనుంచి అత్తయ్యవి, కిందినుంచి మా ఆయనవి. ఇద్దరూ తలుపు దగ్గరే కలుసుకున్నారు. తలుపెవరు వేశారు, అడ్డం ఏమైంది అంటూ అత్తయ్య లోపలికొచ్చారు, చేతుల్లో ఆరిన బట్టలతో. ఆవిడ భుజం మీదుగా మా ఆయన తొంగిచూశాడు. నా ఒళ్ళో ఉన్న బ్రాకెట్‌నీ, ఎదురుగా కూర్చున్న తండ్రినీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను రహస్యం బయటపెట్టేశాననుకున్నాడు. ఇక రేపటిదాకా దాచడమెందుకనుకున్నట్టున్నాడు.

నేను కళ్ళతో వద్దన్నాను. అతను చూడలేదు.

"నాన్నా" అన్నాడు.

మూడు రోజుల్లో తండ్రితో నేరుగా అన్న మొదటి మాట.

"కంప్యూటర్ తప్పు, కంప్యూటర్ తప్పు అన్నారు కదా. మేము గీసింది దీన్ని చూసే. మీ చేతి పని. ఇప్పుడు చెప్పండి, మీ మొట్టమొదటి బ్రాకెట్ తప్పంటారా?"

అత్తయ్య బట్టలు బల్ల మీద పెట్టేసి వచ్చారు. నా ఒళ్ళోంచి బ్రాకెట్ తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచారు. ముఖమంతా వెలుగు.

"దీన్ని చూసి గీశారా? నాతో ఒక్క మాటైనా అనలేదే. మరింకేం, తప్పు ఎందుకుంటుంది? మీరే చెప్పండి వాడికి" అన్నారు మామగారితో.

మామగారు భార్య చేతిలో ఉన్న బ్రాకెట్‌ని చూశారు. కొడుకుని చూశారు. కొడుకు నిలబడి ఎదురుచూస్తున్నాడు. తర్వాత ఆయన మెల్లగా నావైపు తిరిగారు, ఈ మూడు రోజులూ తిరిగినట్టే.

"వాడికి చెప్పమ్మా" అన్నారు.

ఏం చెప్పాలో చెప్పలేదు.